మంటలంటుకున్న రేస్ కారులోంచి ఎలా బయటపడాలి

2020 నవంబర్ 29, బహ్రెయిన్ గ్రాండ్ ప్రి, ఫార్ములా 1 రేసు. మొదటి ల్యాప్‌లోనే డ్రైవర్ రొమైన్ గ్రోజాన్ కారు గంటకు దాదాపు 192 కిలోమీటర్ల వేగంతో రెయిలింగ్‌ను చీల్చుకుపోయి రెండు ముక్కలైంది. మంటల్లో ఆయన సుమారు 28 సెకన్లు ఉన్నారు. తల తెగిపోకుండా హాలో (డ్రైవర్ తల చుట్టూ ఉండే గట్టి లోహపు చట్రం) కాపాడింది, నిజమే, కానీ బయటికి రావాల్సింది ఆయనే కదా. లేవబోతే హెల్మెట్ తగులుకుంది, మళ్లీ కూర్చున్నారు, ఇంకోలా ప్రయత్నించారు, ఈలోగా ఎడమ కాలు ఇరుక్కుపోయింది, బూటు లోపలే వదిలేసి కాలు లాక్కున్నారు. చేతులు కాలాయి, ప్రాణం దక్కింది.

మనం చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోనో కోయంబత్తూర్‌లోనో క్లబ్ రేసుల్లో నడిపే రోల్ కేజ్ (లోపల బిగించే ఇనుప గొట్టాల పంజరం) కార్లకు హాలో ఉండదు, అయినా లెక్క అదే: సెకన్లు. ఫార్ములా 1లో డ్రైవర్ స్టీరింగ్ ఊడదీసి 7 సెకన్లలో దిగి, మొత్తం 12 సెకన్లలోపు స్టీరింగ్ తిరిగి పెట్టి చూపించాలి.

పొగ కనిపించగానే కారును వీలైతే మార్షల్ పోస్ట్ (ట్రాక్ పక్కన భద్రతా సిబ్బంది నిలబడే చోటు) దగ్గరికి తీసుకెళ్లి ఆపండి, ఎందుకంటే మంటలార్పే సిలిండర్లు అక్కడుంటాయి. పూర్తిగా ఆగేదాకా బెల్టుల జోలికి పోవద్దు. ఆగగానే కిల్ స్విచ్ (కారు కరెంటంతా ఆపేసే స్విచ్) కొట్టండి, ఇంజిన్‌తో పాటు ఎలక్ట్రిక్ పెట్రోల్ పంపు కూడా ఆగాలి, లేకపోతే పగిలిన పైపులోంచి మంటకు పెట్రోలు అందుతూనే ఉంటుంది. వెంటనే కారులో బిగించిన ఎక్స్‌టింగ్విషర్ (మంటలార్పే సిలిండర్) మీట లాగండి. తర్వాత విండో నెట్ (కిటికీకి కట్టే వల) దించి, స్టీరింగ్ ఊడదీసి పక్కకు విసిరేయండి (ఒళ్లో పెట్టుకుంటే అదే అడ్డం), బెల్టు బకిల్ తిప్పండి, రేడియో వైరు పీకేయండి, బయటికి రండి.

చదవడానికి తేలికే, కానీ పొగలో కళ్లు కనపడవు, చేతులు వణుకుతాయి. అందుకే గ్యారేజీలో హెల్మెట్, హాన్స్ (మెడను కాపాడేందుకు భుజాల మీద వేసుకుని హెల్మెట్‌కు తగిలించే పరికరం), గ్లవ్స్ అన్నీ వేసుకుని, కళ్లకు గుడ్డ కట్టుకుని పదే పదే చేయండి, ఎవరినైనా స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడమనండి. హాన్స్ ఎక్కడ తగులుకుంటుందో అప్పుడే తెలుస్తుంది. మీ వైపు తలుపు గోడకు ఆనుకుపోయి ఉండొచ్చు కాబట్టి అవతలి వైపు నుంచి కూడా ప్రాక్టీస్ చేయాలి, దీన్ని చాలామంది వదిలేస్తారు, దయచేసి వదలొద్దు.

కారు బోల్తా పడి తలకిందులుగా వేలాడుతుంటే మాత్రం తొందరపడి బకిల్ తిప్పొద్దు, మెడ మీద పడతారు. గడ్డం ఛాతీకి ఆనించి, ఒక చేత్తో పైకప్పును గట్టిగా నెట్టిపెట్టి, మోకాళ్లు దన్ను చేసుకుని, అప్పుడు రెండో చేత్తో తిప్పండి.

మంటా పొగా లేకపోతే అంత హడావిడి అక్కర్లేదు. ట్రాక్ మీద కార్లు ఇంకా తిరుగుతుంటే లోపల ఉండటమే మేలు. మెడ, వెన్ను నొప్పిగా ఉన్నా కదలకండి, డాక్టర్లను రానివ్వండి.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన పరుగెత్తిన ఫార్ములా ఈ కార్ల లాంటి బ్యాటరీ రేసు కార్లైతే షాక్ కొట్టే ప్రమాదం కూడా ఉంది. హెచ్చరిక లైటు ఆకుపచ్చగా లేకపోతే కారునూ నేలనూ ఒకేసారి తాకకూడదు, రెండు కాళ్లూ కలిపి దూరంగా దూకాలి.

దిగాక రెయిలింగ్ వెనక్కి వెళ్లేదాకా హెల్మెట్ తీయొద్దు. పొగ పీల్చి ఉంటే, బాగానే ఉన్నా సరే, అంబులెన్స్ ఎక్కండి, ఊపిరి ఇబ్బంది గంటల తర్వాత కూడా మొదలవ్వచ్చు.