మన నియోజకవర్గం ఎన్నికల చరిత్ర రాసుకుందాం – 3వ పాఠం: పేరు అదే, నేల వేరు

గత పాఠంలో అసెంబ్లీ ఎన్నికల సంవత్సరాల పట్టిక గీసుకున్నాం. 1955, 1962, 1967, 1972, 1978, 1983, 1985, 1989, 1994, 1999, 2004, 2009, 2014, 2019, 2024. మీ పట్టికలో 1957 ఉంటే కొట్టేయండి. ఆ ఏడు అసెంబ్లీకి ఓటేసింది తెలంగాణ ప్రాంతమే. మన వైపు, అంటే ఆంధ్ర, రాయలసీమల్లో, 1955లో గెలిచినవాళ్లే 1962 దాకా కొనసాగారు. 1955 జాబితాలో చిత్తూరు జిల్లా కింద తిరుత్తణి కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి. ఆ తాలూకా మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది 1960 ఏప్రిల్ 1న.

ఇక ఈ పాఠం పని: ఆ పట్టికకు హద్దుల గీతలు కొట్టడం. ఇది చెయ్యకుండా ఓట్ల అంకెలు నింపితే చరిత్ర మొదటికే తప్పుతుంది.

పట్టికలో 1978 వరుసకు పైన ఒక గీత, 2009 వరుసకు పైన ఇంకో గీత ఎర్రసిరాతో గీయండి. 1976 నాటి నియోజకవర్గాల పునర్విభజన ఉత్తర్వు మీద 1978 నుంచి 2004 దాకా ఏడు ఎన్నికలు జరిగాయి. 2008 నాటి ఉత్తర్వు మీద 2009 నుంచి 2024 దాకా నాలుగు జరిగాయి. ఒక గీతకూ ఇంకో గీతకూ మధ్య ఉన్న అంకెలను నిశ్చింతగా పోల్చవచ్చు. గీత దాటి పోల్చాలంటే ఏ ఊళ్లు వచ్చాయి, ఏ ఊళ్లు పోయాయి అన్నది ముందు తేలాలి.

2009లో చిత్తూరు జిల్లా స్థానాలు 15 నుంచి 14కు తగ్గాయి. వాయల్పాడు, పుత్తూరు, వేపంజేరి పోయాయి. గంగాధర నెల్లూరు, పూతలపట్టు కొత్తగా వచ్చాయి, రెండూ ఎస్సీ స్థానాలే. అప్పటిదాకా ఎస్సీ రిజర్వుడుగా ఉన్న పలమనేరు జనరల్ అయింది. పలమనేరు పట్టికలో 2009 దగ్గర అభ్యర్థుల పేర్లన్నీ ఒక్కసారిగా మారిపోతే దాన్ని వెంటనే ‘జనం తీర్పు’ అని రాసేయకండి. ముందు ఆ గడి పక్కన రిజర్వేషన్ మార్పు నమోదు చేయండి.

నమూనాకు నగరి తీసుకుందాం, ఎందుకంటే చిక్కులన్నీ ఇక్కడే ఉన్నాయి. గాలి ముద్దుకృష్ణమనాయుడు ఆరుసార్లు ఎమ్మెల్యే. కానీ 1983, 1985, 1989, 1994, 2004 గెలుపులు పుత్తూరువి. 2009 ఒక్కటే నగరిది. నగరి చరిత్రలో ఆయన పేరు ఒక్కసారే రావాలి. మనిషి లెక్క వేరు, స్థానం లెక్క వేరు, రెండింటికీ రెండు కాగితాలు పెట్టుకోండి. రోజా విషయంలోనూ ఇంతే. ఆమె 2004లో తెలుగుదేశం తరఫున నగరిలో ఓడారు, 2009లో చంద్రగిరిలో ఓడారు, 2014, 2019లలో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున నగరిలో గెలిచారు, 2024లో ఓడారు. ‘ఓడినచోటే గెలిచారు’ అనే మాట వినడానికి బాగుంటుంది గానీ 2004 నగరి, 2014 నగరి ఒకే నేల కాదు. పుత్తూరు మండలం నగరిలో కలిసింది 2009 నుంచే.

హద్దులు తేల్చడానికి రెండు ఉత్తర్వులూ పక్కపక్కన పెట్టుకోవాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. 1976 ఉత్తర్వు తాలూకాలు, ఫిర్కాల్లో (తాలూకాలో కొన్ని గ్రామాల రెవెన్యూ విభాగం) మాట్లాడుతుంది. 2008 ఉత్తర్వు మండలాల్లో మాట్లాడుతుంది. మండలాలు వచ్చిందే 1985లో. కాబట్టి ఫిర్కా పేరు, మండలం పేరు ఒకటే కదా అని జత చేయకండి, గ్రామాల దాకా దిగండి. ఒక వరుసకు ఒక గ్రామం, దాని ఎదుట పాత ఫిర్కా, పాత స్థానం, ఇప్పటి మండలం, ఇప్పటి స్థానం రాయండి. విసుగు పుట్టించే పనే, కానీ ఒకసారి చేస్తే మళ్లీ చేయక్కర్లేదు.

ఇప్పటి నగరిలో ఐదు మండలాలు: నగరి, నిండ్ర, విజయపురం, పుత్తూరు, వడమాలపేట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు చివరి రెండూ తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి, మొదటి మూడూ చిత్తూరులో ఉండిపోయాయి. నియోజకవర్గం హద్దు మాత్రం కదల్లేదు. అంటే 2022 దగ్గర గీత అక్కర్లేదు. చంద్రగిరి కూడా ఇలాంటిదే. జిల్లా తిరుపతి, లోక్‌సభ స్థానం చిత్తూరు.

మండలాల వారీ ఓట్లకు ఫారం 20, అంటే పోలింగ్ కేంద్రాల వారీ తుది ఫలితాల పత్రం, కావాలి. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ఒక్కో వరుస ఒక్కో పోలింగ్ కేంద్రం. అందులో ఊరి పేరు ఉండకపోవచ్చు, నంబరే ఉంటుంది. అదే ఎన్నికకు చెందిన పోలింగ్ కేంద్రాల జాబితా పక్కన పెట్టుకుని మండలం నింపండి. 2014 జాబితాతో 2019 ఫారం నింపితే లెక్క మొత్తం జారుతుంది, ఎందుకంటే కొత్త కేంద్రం ఒకటి చేరితే దాని కింది నంబర్లన్నీ మారతాయి. కేంద్రాల ఓట్లు కూడితే తుది ఫలితంతో కలవకపోతే కంగారుపడకండి, పోస్టల్ ఓట్లు ఫారం చివర విడిగా ఉంటాయి. వాటిని ఏ మండలానికీ పంచకూడదు. వాటికి ‘పోస్టల్’ అని ఒక వరుస పెట్టండి.

నగరిలో ఈ జాగ్రత్త మరీ అవసరం. 2014లో రోజాకు 74,724, ముద్దుకృష్ణమనాయుడికి 73,866. తేడా 858. రోజాకు ఓటేసినవాళ్లలో 430 మంది అటువైపు మారితే ఫలితమే తారుమారయ్యేది. మెజారిటీలో సగానికి ఒకటి కలపండి, అదే ఆ గెలుపు అసలు కొలత. కూడికలో ఒక చిన్న పోలింగ్ కేంద్రం తప్పిపోతే పోయేది అంతే.

శాతాలు కట్టేటప్పుడు ఇంకో మెలిక. బ్యాలెట్ పత్రాల కాలంలో చెల్లని ఓట్లు ఉండేవి, 2014 నుంచి అసెంబ్లీ లెక్కలో నోటా ఉంది. అన్ని సంవత్సరాలకూ అభ్యర్థులకు పడ్డ చెల్లిన ఓట్ల మొత్తాన్నే హారంగా వాడండి. నోటాకు వేరే గడి.

ఈ వారం అభ్యాసం: 2019లో నగరిలో మొదటి ఇద్దరి ఓట్లు 80,333, 77,625. మెజారిటీ ఎంత, ఎంతమంది మారితే ఫలితం తిరగబడేది? తర్వాత మీ మండలం ఒక్కదానికి 2014, 2019 ఫారం 20లు పూర్తిగా నింపండి. 1983 గడి మాత్రం ఖాళీగా ఉంచండి. ఎన్నికల సంఘం నివేదికలో ఆ ఏడు తెలుగుదేశం అభ్యర్థులు స్వతంత్రులుగా కనిపిస్తారు, వాళ్లను ఎలా గుర్తించాలో 4వ పాఠంలో.