పొద్దున 90, సాయంత్రం 65: మాంగనీస్-టైటానియా కెటలిస్ట్ ఎందుకు దిగిపోతోంది?

పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్‌లను అమోనియాతో మామూలు నైట్రోజన్‌గా మార్చడానికి వెనేడియం కెటలిస్ట్‌కు (చర్యను వేగం చేసే పదార్థానికి) 300-400 డిగ్రీలు కావాలి. మాంగనీస్-టైటానియా (టైటానియం డయాక్సైడ్ మీద మాంగనీస్ ఆక్సైడ్) 200 లోపే లాగించేస్తుంది, కానీ మహా సుకుమారం. కన్వర్షన్ రీడింగ్ (ఆక్సైడ్‌లలో ఎంత శాతం మారిందన్న లెక్క) పడిపోగానే కెటలిస్ట్ పౌడర్ పారబోయకండి. అనుమానం ఉన్న వాయువును ఆపి, రీడింగ్ మళ్లీ లేస్తుందో లేదో చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

సమస్య: వానలు మొదలవగానే కన్వర్షన్ తగ్గింది

మా చెన్నై ల్యాబ్‌లో నవంబర్ వస్తే ఇదే గోల. 150 డిగ్రీల దగ్గర 90 శాతం ఇచ్చేది 65కి దిగింది. "అన్నా, బ్యాచ్ పోయింది" అంటూ మా నెల్లూరు కుర్రాడు అప్పుడే కొత్త బ్యాచ్ కోసం మాంగనీస్ నైట్రేట్ తూచబోయాడు. తీరా చూస్తే కంప్రెసర్ లైన్‌లో నీలంగా ఉండాల్సిన, తేమ పీల్చే సిలికా జెల్ మొత్తం గులాబీ రంగుకు తిరిగింది. నీటిని పట్టే ట్రాప్‌లో వేలెడు నీళ్లు!

కారణం: అమోనియా, నైట్రిక్ ఆక్సైడ్ కూర్చోవాల్సిన చోట నీరు వచ్చి కూర్చుంది.

పరిష్కారం: ట్రాప్ ఖాళీ చేసి, జెల్‌ను 120 డిగ్రీల ఓవెన్‌లో నీలం తిరిగేదాకా ఉంచండి. పొడి గాలి పంపితే రీడింగ్ చాలావరకు లేస్తుంది. ఇంకా కాస్త వెలితి ఉంటే, అది ఉపరితలాన్ని పట్టుకున్న హైడ్రాక్సిల్స్ (నీటి నుంచి వచ్చిన OH గుంపులు) పని. 300 డిగ్రీల దగ్గర గాలిలో వేడిచేయండి. అలాగని పొడి గాలి ఫలితం చూసి మురిసిపోవద్దు, అసలు పొగలో నీటి ఆవిరి ఎలాగూ ఉంటుంది.

సమస్య: సల్ఫర్ డయాక్సైడ్ ఆపినా కోలుకోవడం లేదు

ఇక్కడ దొంగలు ఇద్దరు. సల్ఫర్, అమోనియా కలిసి పుట్టే అమోనియం బైసల్ఫేట్ జిగురులా రంధ్రాలను మూసేస్తుంది. 350-400 డిగ్రీల వేడికి అది విడిపోతుంది. అయినా లేవకపోతే మాంగనీసే సల్ఫేట్‌గా మారిపోయిందని అర్థం, ఆ వేడికి అది కదలదు. నీళ్లతో కడిగితే పోతుందిగా అంటారు. పోతుంది, మాంగనీస్‌ను వెంటబెట్టుకుని! కాబట్టి సల్ఫర్‌ను ముందే తీసేసి, ఆ తర్వాతే కెటలిస్ట్ పెట్టండి. సీరియం కలిపితే దెబ్బను కొంతకాలం అదే కాస్తుంది.

సమస్య: కొత్త బ్యాచ్ మొదటిరోజే నీరసం

బ్యాచ్‌ను కాల్చే మఫుల్ ఫర్నేస్ (మూసిన విద్యుత్ కొలిమి) డిస్‌ప్లేను నమ్మకుండా, లోపల వేరే థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) పెట్టి చూడండి. 400 అనుకున్నది 600 దాటితే మాంగనీస్ ముద్దకట్టి, ఉపరితలం తగ్గిపోతుంది. ఆ బ్యాచ్‌కు రిపేరు లేదు.

సమస్య: కన్వర్షన్ 95, అయినా రిపోర్ట్ బాగోలేదు

200 దాటాక మాంగనీస్ అత్యుత్సాహంతో అమోనియాను నైట్రస్ ఆక్సైడ్ దాకా లాగుతుంది. భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు 270 రెట్లు ఆ వాయువు. నైట్రిక్ ఆక్సైడ్‌ను కొలిచే కెమిల్యూమినిసెన్స్ ఎనలైజర్‌కు అది కనపడదు, ఎఫ్‌టీఐఆర్‌తో (పరారుణ కాంతితో వాయువులను గుర్తించే పరికరంతో) చూడాలి. ముందు వేడి తగ్గించండి, చాలకపోతే తర్వాతి బ్యాచ్‌లో మాంగనీస్ శాతం.