ఇంట్లో డిప్రెషన్ వారసత్వం ఉందా? మూడు తరాల చిట్టా ఎలా రాయాలి?

తల్లికో, తండ్రికో, తోడబుట్టినవాళ్లకో డిప్రెషన్ ఉంటే మనకు వచ్చే అవకాశం మామూలు కంటే రెండు నుంచి మూడింతలు ఎక్కువ. వినగానే గుండె గుభేల్‌మంటుంది గానీ లెక్క వేసి చూడండి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో మన దేశంలో పెద్దవాళ్లు వందమందిలో సుమారు 5 మందికి ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వచ్చినట్టు తేలింది. ఆ లెక్కన దగ్గరి రక్తసంబంధంలో ఉన్నవాళ్లలో అయితే వందకు 10 నుంచి 15 మందికి వస్తుంది. మిగతా 85 నుంచి 90 మందికి రాదు. మీ ఇంటి సంగతి ఏమిటో తెలియాలంటే ఒక ఏ4 కాగితం, పెన్సిల్, ఓపికగా నాలుగైదు మాటముచ్చట్లు చాలు.

జీన్ టెస్టుతో తేలిపోదా అంటే, తేలదు. డిప్రెషన్‌కు ఒక్క జీన్ అంటూ లేదు. వందలాది చిన్న తేడాలు కలిసి పనిచేస్తాయి, ఒక్కోదాని బలం ఆవగింజంత. మెదడులో సెరొటోనిన్ అనే రసాయనాన్ని మోసే జీన్ గురించి 2003 నుంచి గొప్పగా చెప్పుకున్నారు. 2019లో అలాంటి పేరున్న 18 జీన్లను లక్షల మంది వివరాలతో సరిచూస్తే ఒక్కటీ నిలబడలేదు. ఉమ్మి సీసాలో పంపే టెస్టులకు డబ్బు పోయకండి.

కాగితాన్ని అడ్డంగా పెట్టండి. కింది వరుసలో మీరు, మీ తోబుట్టువులు. పై వరుసలో అమ్మ, బాపు, మేనమామలు, చిన్నమ్మలు, కాకలు, మేనత్తలు. ఆపైన తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు గుండ్రం, చనిపోయినవాళ్ల మీద ఏటవాలు గీత, మీకు బాణం గుర్తు. జబ్బు ఉన్నవాళ్ల బొమ్మను నింపండి, అనుమానమైతే పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. మేనరికం పెళ్లి అయితే ఇద్దరి మధ్య జంట గీత గీయాలి. అక్కడ ఒకే తాత రెండు వైపులా కనిపిస్తాడు. ఆయన్ను రెండుసార్లు లెక్కపెట్టి భయపడేవాళ్లు చాలామంది.

గీయడం పది నిమిషాల పని. అసలు కష్టం అడగడంలో ఉంది. "మనింట్ల ఎవరికన్న డిప్రెషన్ ఉండెనా?" అంటే నాయనమ్మ "గసొంటోళ్లు మనింట్ల ఎవ్వలు లేరు బిడ్డా" అని ముఖం తిప్పుకుంటుంది. ఆ మాట ఆమెకు 'పిచ్చి' అన్నట్టే వినిపిస్తుంది. రంది గురించి అడగండి. "నాయనమ్మా, రంది వెట్టుకొని బువ్వ తినక, ఎవ్వలతోని మాట్లాడక పండుకున్నోళ్లు మనింట్ల ఎవరన్న ఉండిరా?" అప్పుడు బయటికి వస్తుంది: పత్తి పంట పోయిన ఏడాది ఆర్నెల్లు మంచం దిగని చిన్న తాత, బాలింతప్పుడు బిడ్డను ముట్టని మేనత్త. బతుకమ్మకు ఆడబిడ్డలంతా పుట్టింటికి వస్తారు కాబట్టి అడగడానికి అదే మంచి సమయం. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడగండి, నలుగురిలో ఎవరూ నోరు విప్పరు.

'మందు తాగిండు' అన్నారంటే మన దగ్గర రెండర్థాలు: సారా, పురుగుల మందు. ఏదో తేల్చుకోండి. ఆత్మహత్య అయితే వేరుగా రాయాలి, అది విడిగా లెక్కలోకి వచ్చే ముప్పు. తాగుడైతే అది కూడా రాయండి, మగవాళ్లలో డిప్రెషన్ చాలాసార్లు దాని వెనకే దాక్కుంటుంది.

ప్రతి పేరు పక్కన మొదటిసారి ఎన్నేళ్లప్పుడు, ఎన్నిసార్లు, ఎన్ని నెలలు, ఏ గోలీ పనిచేసింది అన్నవి రాయండి. ఒక ప్రశ్న మాత్రం మరువొద్దు: "నిద్ర లేకున్నా హుషారుగా తిరుగుడు, అప్పులు చేసి అడ్డగోలు ఖర్చు వెట్టుడు, అట్లాంటి రోజులు ఉండెనా?" ఉంటే అది బైపోలార్ కావచ్చు, అంటే కొన్నాళ్లు కుంగిపోయి, కొన్నాళ్లు ఇలా అతిగా ఎగసిపడే జబ్బు. దాని వారసత్వం డిప్రెషన్‌కన్నా చాలా బలమైనది. ఆ సంగతి తెలియక డాక్టర్ డిప్రెషన్ గోలీ ఒక్కటే ఇస్తే కొందరికి ఉన్మాదం ఎగదన్నుతుంది. చిట్టా మొత్తంలో డాక్టర్‌కు ఎక్కువ పనికొచ్చే ముక్క ఇదే.

ఇప్పుడు తూకం. అమ్మ, బాపు, తోబుట్టువులతో మనం పంచుకునే జన్యువులు సగం, మేనమామతో, తాతతో పావు వంతు. ముప్పై ఏళ్లలోపే వచ్చినా, మళ్లీ మళ్లీ వచ్చినా, ఒకే వైపు ఇద్దరు ముగ్గురికి ఉన్నా బరువు ఎక్కువ. నాయనమ్మ పోయాక తాత డెబ్బై ఏళ్లకు ఒక్కసారి కుంగిపోతే దానికి అంత బరువు వేయక్కర్లేదు. కవలల మీద చేసిన పరిశోధనల ప్రకారం డిప్రెషన్‌లో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల్లో వారసత్వం వాటా సుమారు 37 శాతం. మిగతాదంతా బతుకులో ఎదురయ్యేది.

బరువు ఎక్కువని తేలితే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టీని అప్పుడప్పుడూ నింపండి. గత రెండు వారాల గురించి అడుగుతుంది, మొత్తం 27 మార్కులు. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టర్‌కు చూపించాలి. తొమ్మిదోది చనిపోవాలన్న ఆలోచన గురించి. దానికి సున్నా కాక ఏది వచ్చినా ఆ రోజే మాట్లాడాలి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. సర్కారు మానసిక ఆరోగ్య ఫోన్ సాయం టెలి మానస్ 14416కు ఏ వేళ చేసినా తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. థైరాయిడ్, బీ12, రక్తహీనత పరీక్షలు కూడా అడగండి, అవి కూడా ఇలాగే నీరసింపజేస్తాయి. గర్భిణి ఉంటే ఈ కాగితాన్ని నెల చెకప్‌లోనే చూపించండి. ఇంట్లో ఆత్మహత్య జరిగి ఉంటే పురుగుల మందు డబ్బాలు ఇంట్లో ఉంచకండి. తప్పదంటే పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి ఇంకొకరికి ఇవ్వండి.

చిట్టా ఫొటో మాత్రం చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. సంబంధాలు చూసే ఇళ్లలో ఒక నిండిన గుండ్రం చాలు, ఆడపిల్ల పెళ్లి ముచ్చట ఆగిపోవడానికి. ఆ కాగితం చూడాల్సింది మీరు, మీ డాక్టర్.