మీ స్వభావానికి ఏ రాత సరిపోతుంది?

అమలాపురంలో పిల్లలకు తెలుగు చెబుతాను. "రాయాలనుందండీ, కథా, కవితా?" అని వచ్చేవాళ్లను నేను ముందు ఒకటే అడుగుతాను: కనుమనాడు మా కోనసీమలో జరిగే జాతర, జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తే ఏం చేస్తారు?

పక్కవాళ్ల మాటలు వింటూ నిలబడిపోతే కథో నాటికో రాయండి. విన్న మాటలు ఆ రాత్రే, ఆ యాసలోనే నోట్‌బుక్‌లో ఎక్కించండి. ఆలస్యమైతే మనకు తెలియకుండానే పుస్తక భాషలోకి మారిపోతాయి. నాటికైతే ఇంకొకరితో పైకి చదివించి వినండి, నోరు తిరగని చోట కొట్టేయండి. నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి ఇదే. మన గోదావరి లంకల్లో మాట అంత రుచిగా ఉంటుంది.

కాలువలో పూడిక తీయలేదని కోపంతో నిద్రపట్టదా? పత్రికకు లేఖ రాయండి. ఒక్క సమస్య, ఊరి పేరు, ఎప్పటి నుంచి, ఎవరు ఏం చేయాలి. అంతే. కందుకూరి వీరేశలింగం గారు 1874లో 'వివేకవర్ధని' పత్రిక పెట్టి అవినీతి మీద, దురాచారాల మీద రాశారు.

నలుగురిలో చురుగ్గా ఉంటూ, జ్ఞాపకశక్తి గట్టిగా ఉన్నవాళ్లు పద్యం పట్టండి. కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారిది అవధానం దారి. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవాళ్లు, అడుగుతుంటే తడుముకోకూడదు. ముందు రోజుకో ఆటవెలది రాయండి.

నలుగురిలో మాట్లాడాలంటేనే టెన్షన్ పడేవాళ్లకు డైరీ. ఎవరికీ చూపించక్కర్లేదు.

ఏదీ తేలకపోతే వారానికొకటి చొప్పున అన్నీ రాసి చూడండి. ఏది రాస్తున్నప్పుడు టైము చూసుకోలేదో అదే పట్టుకోండి.