మలావి పల్లెలో క్లినిక్ ఎలా పెట్టాలి?

ఆఫ్రికా దేశమైన మలావిలో వానలు నవంబరులో మొదలై ఏప్రిల్ దాకా పడతాయి. మలేరియా పెరిగేదీ అప్పుడే, మట్టిరోడ్లు తెగిపోయేదీ అప్పుడే. అందుకే స్థలం చూడటానికి జనవరి, ఫిబ్రవరిల్లోనే వెళ్లండి. జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకున్న తల్లి ఏ వాగు దగ్గర ఆగిపోతోందో చూస్తే క్లినిక్ ఎక్కడ ఉండాలో తెలుస్తుంది.

1. ముందు అడగండి

మొదట జిల్లా ఆరోగ్య కార్యాలయానికి వెళ్లాలి. ప్రభుత్వ కేంద్రాల్లో వైద్యం ఉచితం కాబట్టి దాని పక్కనే ఇంకొకటి కట్టి లాభం లేదు. ఏ కేంద్రమూ అందని ఊళ్లేవో అక్కడే చెబుతారు. తర్వాత గ్రామపెద్దను, ఆయన పైన ఉండే, ట్రెడిషనల్ అథారిటీ అని పిలిచే సంప్రదాయ పెద్దను కలవాలి. పల్లె భూములు చాలావరకు ఈ పెద్దల అజమాయిషీలోనే ఉంటాయి. ఊరి సభ అయ్యాక ఆడవాళ్లతో విడిగా కూర్చోండి. కాన్పులు ఎక్కడ అవుతున్నాయి, రాత్రిపూట నొప్పులొస్తే ఎవరు తీసుకెళ్తున్నారు అన్నవి పదిమందిలో బయటికి రావు. చిచెవా మాట్లాడే స్థానికురాలిని వెంట ఉంచుకోండి.

2. అనుమతులు

క్లినిక్‌కూ, చికిత్స చేసేవారికీ మెడికల్ కౌన్సిల్ ఆఫ్ మలావిలో రిజిస్ట్రేషన్ ఉండాలి. నర్సులకు వేరే కౌన్సిల్ ఉంది. హైదరాబాద్ నుంచి సూట్‌కేసుల్లో మందులు తీసుకెళ్దామనే ఆలోచన మానుకోండి. ఎక్కడి మందైనా అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ అనుమతితోనే రావాలి.

3. మనుషులు, వాళ్లకు ఇళ్లు

గోడలకు డబ్బిచ్చే దాతలు దొరుకుతారు, జీతాలకు దొరకడమే కష్టం. క్లినిక్ నిలబడేదీ మూతపడేదీ ఇక్కడే.

ఎంబీబీఎస్ డాక్టర్ కోసం ఎదురుచూడొద్దు. మలావి పల్లెల్లో వైద్యం భారమంతా క్లినికల్ ఆఫీసర్లు, మెడికల్ అసిస్టెంట్లు, కాన్పులు చేసే నర్సుల మీదే ఉంది. మలేరియా, న్యుమోనియా, కాన్పులు చూడటంలో వాళ్లు శిక్షణ పొందినవాళ్లు. నర్సు ఒక్కరే అయితే రాత్రంతా కాన్పు చూసి పొద్దున్నే మళ్లీ ఓపీలో కూర్చోవాలి. కనీసం ఇద్దరుండాలి. సిబ్బంది ఇళ్లు క్లినిక్‌తో పాటే కట్టండి: గట్టి తలుపు, సోలార్ దీపం, దగ్గర్లో నీళ్లు. పిల్లలకు బడి దూరమైతే ఎంత మంచి నర్సయినా వేరే ఉద్యోగం చూసుకుంటుంది, ఆమెను తప్పుపట్టలేం.

ఊరూరా తిరిగి టీకాలు, పిల్లల బరువు చూసే ప్రభుత్వ హెల్త్ సర్వైలెన్స్ అసిస్టెంట్లను మొదటి నుంచే కలుపుకోండి. ఏ ఇంట్లో ఎవరు గర్భవతో వాళ్లకు తెలుసు.

4. నీళ్లు, కరెంటు, మందులు

బోరు, మరుగుదొడ్లు, వాడిన సూదులకు పెట్టెలు, కాన్పు తర్వాత పడే మాయను వేసే గొయ్యి లేకుండా కాన్పుల గది తెరవొద్దు. టీకాలనూ, కాన్పు తర్వాత రక్తస్రావాన్ని అదుపుచేసే ఆక్సిటోసిన్ మందునూ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. బ్యాటరీ లేకుండా నేరుగా సోలార్ పలకలతో నడిచే ఫ్రిజ్ కొనండి, బ్యాటరీలు మార్చుకునే బాధ ఉండదు. మలేరియా రాపిడ్ టెస్టులు, మలేరియాకు ఆర్టిమెథర్-లూమెఫాంట్రిన్ మాత్రలు, అది ముదిరితే ఇచ్చే ఆర్టిసునేట్, విరేచనాలకు ఓఆర్‌ఎస్, జింక్, న్యుమోనియాకు అమాక్సిసిలిన్ వానలకు ముందే, అక్టోబరుకే నింపుకోవాలి.

5. జిల్లా ఆసుపత్రికి దారి

రక్తస్రావం ఆగని తల్లినో, మలేరియాతో స్పృహ తప్పిన బిడ్డనో క్లినిక్‌లో ఉంచుకోకూడదు. అవసరమైన మందు మొదటి మోతాదు ఇచ్చి వెంటనే జిల్లా ఆసుపత్రికి పంపాలి. కాన్పు వేళ ఫిట్స్ వస్తే మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చి పంపాలి. బండి, అందులో పెట్రోలు, రాత్రిపూట ఫోనెత్తే డ్రైవరు ముందే సిద్ధంగా ఉండాలి. రోగుల దగ్గర హెల్త్ పాస్‌పోర్ట్ అనే చిన్న పుస్తకం ఉంటుంది. ఏం చూశారో, ఏ మందు ఎన్ని గంటలకు ఇచ్చారో అందులోనే రాయండి. అవతలి డాక్టర్ చదివేది అదే.

6. డబ్బు

ఫీజు పెడితే నిరుపేద తల్లి రాదు. మలావిలో చర్చి ఆసుపత్రుల సంఘం ఛామ్‌కు ప్రభుత్వంతో ఒప్పందాలున్నాయి. వాటి కింద తల్లీబిడ్డలకు ఉచితంగా చేసిన వైద్యం ఖర్చు ప్రభుత్వం చెల్లిస్తుంది. మీకు ఆ దారి కుదురుతుందేమో జిల్లా కార్యాలయంలో అడగండి. ఆ చెల్లింపులు ఆలస్యం కావడం మామూలే కాబట్టి కనీసం ఆరు నెలల జీతాలు, మందులు, పెట్రోలు ఖర్చు విడిగా బ్యాంకులో ఉంచి, అప్పుడే పునాది తవ్వించండి.