బెంచీ మీద బాగుంది, ట్రాక్ మీద ఆగిపోయింది: రేసు జట్టుకూ ఇంజిన్ ఇచ్చేవారికీ మధ్య వచ్చే సమస్యలు, పరిష్కారాలు

ఫార్ములా భారత్‌కో సుప్రాకో (కాలేజీ విద్యార్థులు తామే కట్టిన రేసు కార్లతో దిగే పోటీలు) కారు కడుతున్న నెల్లూరు, ఒంగోలు, కావలి విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను. ఛాసిస్ మీరు కడతారు. ఇంజిన్‌ను మాత్రం బయట వర్క్‌షాపులో విప్పించి, సరిచేయించి, ట్యూనింగ్ చేయించి తెచ్చుకుంటారు. నాలుగు రౌండ్లు తిరగగానే కారు ఆగుతుంది. వెంటనే ‘ఇంజిన్ చెడింది’ అని మళ్లీ ఆటోనగర్‌కు మోసుకెళతారు. మేస్త్రి విప్పి చూసి ‘ఇందులో ఏమీ లేదు’ అంటారు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. ఇలాంటి లోపాలు చాలావరకు ఇంజిన్ లోపల ఉండవు. ఇంజిన్ కారుతో కలిసే చోట ఉంటాయి. అక్కడ వెతకడం ఎవరి పనో ఎవరూ తేల్చుకోరు.

ఈ కష్టం పెద్దవాళ్లకూ తప్పలేదు. ఫార్ములా వన్ రేసుల్లో 2015లో మెక్‌లారెన్ జట్టు, హోండా ఇంజిన్ మళ్లీ కలిశాయి. కార్లు నడిపిన అలొన్సో, బటన్ ఇద్దరూ ప్రపంచ ఛాంపియన్లే. అయినా ఆ ఏడాది వచ్చినవి 27 పాయింట్లు, దక్కింది తొమ్మిదో స్థానం. 2016లో 76 పాయింట్లతో ఆరో స్థానానికి ఎక్కారు. 2017లో 30 పాయింట్లతో మళ్లీ తొమ్మిదికి పడిపోయారు. ఆ మూడేళ్లలో ఏం చెడిందో, తర్వాత అదే హోండా ఎలా గెలిచిందో చూస్తే మన చిన్న కార్లకు పనికొచ్చే సమాధానాలు చాలా దొరుకుతాయి. కింది లక్షణాల్లో మీది ఏదో చూసుకోండి.

లక్షణం: బెంచీ మీద (వర్క్‌షాపులో ఇంజిన్‌ను బిగించి పరీక్షించే స్టాండు మీద) గంటసేపు ఆడిన ఇంజిన్, ట్రాక్ మీద మలుపుల్లో ఆయిల్ లైటు వెలిగించి పట్టేస్తోంది

ముందుగా దీని గురించే చెప్పాలి. తక్కిన లోపాలతో పోటీలో వెనకబడతారు. దీనితో ఇంజినే పోతుంది.

మన జట్లు ఎక్కువగా వాడేది మోటార్‌సైకిల్ ఇంజిన్. పాత తరం కేటీఎం 390 అయితే 373 సీసీ, ఒకటే సిలిండర్. బైకు మలుపు తిరిగేటప్పుడు లోపలికి వాలుతుంది. అందువల్ల బరువు, మలుపు తోపు కలిసి పుట్టే బలం బైకు నిలువు దిశలోనే ఉంటుంది. సంప్‌లో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, ఆయిల్ అడుగునే ఉండిపోతుంది. కారు వాలదు. ఎడమకు తిరిగితే ఆయిలంతా కుడి గోడకు ఎగబాకుతుంది. పంపుకు ఆయిల్ పీల్చే పికప్ గొట్టం మూతి దగ్గర ఆయిల్ బదులు గాలి ఉంటుంది. క్రాంక్ బేరింగ్‌కు ఒకటి రెండు సెకన్లు ఆయిల్ అందకపోయినా అదే జోరులో తిప్పితే బేరింగ్ అరిగిపోతుంది. విప్పి చూస్తే బేరింగ్ షెల్ మీద వెండి రంగు పోయి రాగి రంగు గీతలు కనిపిస్తాయి. ఆ గీతలు కనిపిస్తే ఆయిల్ అందలేదని అర్థం. ఇంజిన్ కట్టిన మనిషిని తిట్టే ముందు అది చూడండి.

హోండాకు 2017లో సరిగ్గా ఇక్కడే దెబ్బ తగిలింది. కొత్త ఇంజిన్‌తో బార్సిలోనా పరీక్షల మొదటి రోజునే ఆయిల్ ట్యాంకు ఇబ్బంది పెట్టింది. బెంచీ మీద ఇంజిన్ కదలదు కాబట్టి, ట్రాక్ మీద మలుపుల తోపుకు ఆయిల్ ఎలా పొర్లుతుందో అక్కడ తెలియలేదు. ఆ తర్వాత అదురుడు మొదలైంది. గేర్‌బాక్సు, టైర్లు, వెనుక ఇరుసు అన్నీ కలిసిన కారులో ఇంజిన్ అదిరే తీరు వేరు. ఒక్క సిలిండర్ పెట్టి చేసిన పరీక్షలో బాగా వచ్చిన ఫలితం కూడా పూర్తి వీ6 ఇంజిన్‌లో రాలేదు. ఆ స్థాయి కంపెనీకే బెంచీ పరీక్ష చాలలేదంటే మనం దాన్నే నమ్ముకుని కూర్చోకూడదు.

మలుపులో ఆయిల్ ఎటు పోతుందో చూసే పరీక్షకు ఖరీదైన యంత్రం అక్కర్లేదు. ఒక జీ పక్క తోపు (కారు బరువుకు సమానమైన బలం పక్కకు తోయడం) అంటే నిలకడగా ఉన్న ఇంజిన్‌ను 45 డిగ్రీలు వంచినట్టే. ఇంజిన్‌ను స్టాండుకు బిగించి, సంప్ పక్కన పారదర్శక గొట్టం ఒకటి తగిలించి, ఎడమకు 45, కుడికి 45 వంచి చూడండి. ఇంజిన్ ఆడించకండి, ఆయిల్ ఎక్కడికి పోతోందో మాత్రం చూడండి. పోటీ తనిఖీలో కారునే 60 డిగ్రీలు వంచుతారు. అది 1.7 జీతో సమానం. అక్కడ చూసేది కారు బోల్తా పడుతుందా, ఏదైనా కారుతుందా అన్నదే. మీ బేరింగ్ సంగతి వాళ్లకు పట్టదు.

పరిష్కారం సంప్‌లో అడ్డుపలక. పికప్ మూతి చుట్టూ నాలుగు గోడలు కట్టి, లోపలికి మాత్రమే తెరుచుకునే చిన్న తలుపులు పెడితే ఆయిల్ లోపలికి వస్తుంది, మలుపులో బయటికి పారిపోదు. తలుపులకు ఆయిల్, వేడి తట్టుకునే రబ్బరు వాడండి. సైకిల్ ట్యూబు ముక్క నాలుగు రోజులకు ఉబ్బి ఊడిపోయి పికప్ జల్లెడకు అడ్డంపడుతుంది. ఆయిల్ ప్రెషర్ సెన్సర్ తప్పకుండా పెట్టి, దాని అంకెను లాగర్‌లో (సెన్సర్ అంకెలను దాచిపెట్టే పరికరంలో) రికార్డు చేయండి. లైటు మాత్రమే ఉంటే, అది వెలిగేసరికి జరగాల్సింది జరిగిపోతుంది. ఆయిల్ ఎక్కువ పోస్తే సరిపోతుందని కొందరు అంటారు. పోస్తే క్రాంక్ ఆ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది. నురగ పంపులోకి వెళ్తే గాలి వెళ్లినట్టే.

లక్షణం: కాగితం మీద 40 హార్స్‌పవర్, కారులో ఊపు లేదు

వర్క్‌షాపు వారు ఇచ్చిన అంకె ఏ గొట్టంతో కొలిచారో ముందు అడగండి. పోటీ నియమం ప్రకారం పెట్రోల్ ఇంజిన్‌కు వెళ్లే గాలి అంతా 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే వెళ్లాలి. ఆ రంధ్రం లేకుండా కొలిచిన అంకెతో మీకు పనిలేదు.

‘మా ఇంజిన్ చిన్నది, 20 మిల్లీమీటర్లు దానికి చాలు’ అనే మాట చాలాసార్లు వింటాను. లెక్క వేసి చూద్దాం. ఆ రంధ్రం గుండా సెకనుకు గరిష్ఠంగా సుమారు 74 గ్రాముల గాలి వెళ్లగలదు. ఆ తర్వాత ఎంత పీల్చినా పెరగదు, ఎందుకంటే రంధ్రం దగ్గర గాలి ధ్వని వేగాన్ని అందుకుని అక్కడే నిలిచిపోతుంది. 373 సీసీ ఇంజిన్ 9,000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 75 సార్లు పీలుస్తుంది. సగటున అది 33 గ్రాములకు అటూ ఇటూ, అంటే సగం కూడా లేదు. కానీ ఒకటే సిలిండర్ నాలుగు స్ట్రోకుల్లో ఒక్కదానిలోనే పీలుస్తుంది. ఆ క్షణంలో దానికి కావలసింది సగటుకు దాదాపు నాలుగింతలు, అంటే 130 గ్రాములు. అక్కడ ఊపిరాడదు. తక్కిన మూడు స్ట్రోకుల కాలమూ రంధ్రం ఖాళీగా ఉంటుంది.

అందుకే రంధ్రానికీ ఇంజిన్‌కూ మధ్య గాలి నిల్వ ఉండే డబ్బా, ప్లీనం, కావాలి. అది మరీ చిన్నదైతే పైన చెప్పిన ఇబ్బంది తీరదు. మరీ పెద్దదైతే యాక్సిలరేటర్ తొక్కాక ఇంజిన్ ఆలోచించి కదులుతుంది. నా మాట వింటే రెండు మూడు లీటర్ల దగ్గర మొదలుపెట్టి, రెండు మూడు పరిమాణాల్లో డబ్బాలు చేసి మార్చి చూడండి. డబ్బా మార్చిన ప్రతిసారీ పెట్రోల్ మ్యాపు (ఏ వేగంలో ఎంత పెట్రోల్ చిమ్మాలో చెప్పే పట్టిక) కూడా మారాలి. బైకుతో వచ్చిన మ్యాపునే ఉంచి ‘మిస్సింగ్ కొడుతోంది’ అని వర్క్‌షాపుకు ఫోను చేయడం అన్యాయం.

మరొక కారణం లీకు. రంధ్రం దాటాక ఎక్కడ గాలి చొరబడినా మిశ్రమం పలచబడుతుంది. పైగా తనిఖీలో దొరికిపోతారు. గాలి వచ్చే మూతిని అరచేత్తో మూస్తే ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకపోతే ఎక్కడో కన్నం ఉంది. ఈ పరీక్ష మీ షెడ్డులోనే చేసుకోండి.

లక్షణం: మొదటి రెండు రౌండ్లు బాగానే, తర్వాత నీళ్లు మరిగి జోరు తగ్గుతోంది

ఏప్రిల్, మే నెలల్లో మన జిల్లాల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 42 డిగ్రీల గాలి దాదాపు ఐదు శాతం పలచగా ఉంటుంది. ఆ మేరకు శక్తి తగ్గడం సహజం, అది లోపం కాదు. నీళ్లు మరగడం మాత్రం లోపమే.

సాధారణంగా కారు ఆకారం ముందే గీసేసి, ఇంజిన్ వారిని ‘ఇందులో ఇరికించండి’ అన్నప్పుడు ఇది వస్తుంది. 2015లో మెక్‌లారెన్ కారు వెనుక భాగం వీలైనంత సన్నగా ఉండాలని కోరింది. ‘సైజ్ జీరో’ అన్న పేరు అప్పుడే వచ్చింది. హోండా టర్బో భాగాలను వీ ఆకారపు సిలిండర్ల మధ్యే ఇరికించింది. కంప్రెసర్ చిన్నదైంది, ఎగ్జాస్ట్ వేడి నుంచి తిరిగి పట్టుకోవలసిన విద్యుత్తు తగ్గింది. పొడవాటి దారిలో చివరికంటా విద్యుత్తు చాలేది కాదు. అక్కడే తక్కిన కార్లు దాటిపోయేవి. కారు అందంగానే ఉంది.

మీ కారులో రేడియేటర్ ముఖం ముందు ఒక ఉష్ణోగ్రత సెన్సర్, బయటి నీడలో ఒకటి పెట్టండి. రెండింటి మధ్య తేడా ఐదారు డిగ్రీలు దాటితే, రేడియేటర్ దాటి వెళ్లిన వేడి గాలే చుట్టు తిరిగి మళ్లీ ముందుకు వస్తోందన్నమాట. చుట్టూ సందులు స్పాంజితో మూసి, వేడి గాలి బయటికి పోవడానికి లోపలికి వచ్చే మూతి కన్నా పెద్ద దారి ఇవ్వండి. ఫ్యాను తీగలు తారుమారై ఎదురు గాలి ఊదుతోందేమో కాగితం ముక్క పెట్టి చూడండి. చీమకుర్తి వైపు పరీక్షలు చేసేవారు రేడియేటర్ రెక్కల్లోని గ్రానైట్ దుమ్మును వెనుక నుంచి ముందుకు, మెల్లటి నీటి ధారతో కడగాలి. గట్టిగా కొడితే రెక్కలు వంగిపోతాయి.

లక్షణం: నిన్న బాగుంది, ఈ రోజు సెన్సర్ అంకెలు ఎగిరిపడుతున్నాయి

మైపాడు, కొత్తపట్నం, కావలి తీరాల ఉప్పు గాలి. కనెక్టర్ ఊడదీసి చూస్తే పిన్ను మీద పచ్చటి చిలుము కనిపిస్తుంది. శుభ్రం చేసి, కనెక్టర్లకు వాడే గ్రీజు పూసి, రబ్బరు సీలు ఉన్నవి వాడండి. ఇంజిన్‌కు దీనితో సంబంధం లేదు.

లక్షణం: ప్రతి కొత్త మార్పూ ఒకటి బాగుచేసి మరొకటి పాడుచేస్తోంది

ఒకేసారి రెండు మూడు మార్చితే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. అంతకన్నా లోతైన కారణం మరొకటి ఉంది. ఇంజిన్ నిలబడకముందే శక్తి పెంచబోవడం. 2015 బెల్జియం రేసులో కొత్త భాగాలు వేసినందుకు మెక్‌లారెన్ కార్లు రెంటికీ కలిపి, రేసు మొదలయ్యే వరుసలో 105 స్థానాలు వెనక్కి జరిపే జరిమానా పడింది. భాగాలు చెడటం, మార్చటం, వెనుక నుంచి మొదలుపెట్టటం అనే ఈ చక్రంలో పడితే జట్టు నేర్చుకునేది తక్కువ.

హోండా బయటపడిన తీరు నాకు ఎంతో నచ్చుతుంది. టర్బోతో పాటు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతూ ఎగ్జాస్ట్ వేడి నుంచి విద్యుత్తు పట్టే ఎంజీయూ-హెచ్ మోటారు పదే పదే చెడేది. పొడవాటి షాఫ్టు అదిరి బేరింగులు దెబ్బతినేవి. రేసింగ్ విభాగం తన సంస్థలోనే ఉన్న విమాన ఇంజిన్ల ఇంజనీర్ల సాయం తీసుకుంది. అంత వేగంతో తిరిగే షాఫ్టులు వాళ్లకు రోజువారీ పని. సమస్య తీరింది. మన దగ్గరా రొయ్యల చెరువుల ఏరేటర్లను ఉప్పు నీటిలో ఏళ్ల తరబడి నడిపే మేస్త్రీలున్నారు, చేపల పడవల ఇంజిన్లు చూసే వారున్నారు. సీలు, బేరింగు, తుప్పు గురించి వారికి తెలిసింది మన పాఠ్యపుస్తకాల్లో లేదు. వెళ్లి అడగండి.

లక్షణం: ‘ఇంజిన్‌దే తప్పు’, ‘కారుదే తప్పు’

2015లో సుజుకా, అంటే హోండా సొంత ట్రాక్ మీద, అలొన్సో రేడియోలో తన ఇంజిన్‌ను కింది తరగతి రేసుల ఇంజిన్‌తో పోల్చాడు. ప్రపంచమంతా విన్నది. ఆ తర్వాత రెండు పక్షాలూ మనసు విప్పి మాట్లాడుకోవడం ఎంత కష్టమో ఊహించుకోండి. బండలాగుడు పోటీలో జోడెద్దులు అడుగు కలపకపోతే రెండూ బలమైనవే అయినా బండ కదలదు.

2017 సెప్టెంబరులో విడిపోయారు. మెక్‌లారెన్ రెనో ఇంజిన్‌కు మారింది. 2018లో కారులోనూ లోపాలున్నాయని ఆ జట్టే ఒప్పుకుంది. హోండా ఇంజిన్ టోరో రోసో అనే మరో జట్టుకు వెళ్లింది. అదే ఏడాది బహ్రెయిన్‌లో ఆ జట్టు డ్రైవర్ గాస్లీ నాలుగో స్థానంలో వచ్చాడు. 2019 జూన్ 30న ఆస్ట్రియాలో వెర్‌స్టాపెన్ రెడ్ బుల్ కారులో గెలిచాడు. 2006 తర్వాత హోండాకు అదే తొలి విజయం. 2021లో అతను ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. మెక్‌లారెన్ కూడా 2024లో మెర్సిడెస్ ఇంజిన్‌తో జట్ల టైటిల్ గెలిచింది. ఇద్దరిలో ఎవరూ చేతకానివారు కారు.

మీరు చేయవలసింది ఒక కాగితం. ఇంజిన్ ఇచ్చేటప్పుడు వర్క్‌షాపు వారు రాసేవి: వాల్వ్ క్లియరెన్సు, కంప్రెషన్, వాడవలసిన ఆయిల్, ఎంత పోయాలి, ఏ మ్యాపు. తిరిగి తెచ్చేటప్పుడు మీరు రాసేవి: ఎన్ని నిమిషాలు ఆడింది, గరిష్ఠ నీటి వేడి, కనిష్ఠ ఆయిల్ ప్రెషర్, ఏ మలుపులో ఏం జరిగింది. లాగర్ ఫైలు జతచేయండి. ‘అన్నా, దమ్ము లేదు’ అంటే ఆయన విప్పడం తప్ప ఏం చేయగలరు? ‘అన్నా, ఎడమ మలుపులో ప్రెషర్ సగానికి పడిపోతోంది’ అంటే ఎక్కడ చూడాలో ఆయనకు వెంటనే తెలుస్తుంది. వీలైతే ఆయన్ను ట్రాక్ దగ్గరకు తీసుకువెళ్లండి. తాను కట్టిన ఇంజిన్ కారులో ఎలా పలుకుతోందో విన్న మేస్త్రి చేతి పని మారుతుంది.

ఇంజిన్ ఇచ్చేవారిని మార్చాలా?

లాగర్ అంకెలు ఇచ్చాక కూడా అదే భాగం అదే తీరున చెడుతుంటే, ఎందుకో చెప్పకుండా కొత్తది వేసి పంపుతుంటే, మార్చండి. ఒక్కసారి పట్టేసినందుకు మార్చకండి. మార్చేటప్పుడు కాలం లెక్క వేసుకోండి. రెనోకు మారినప్పుడు మెక్‌లారెన్ కారు వెనుక భాగాన్ని కొత్త ఇంజిన్‌కు తగ్గట్టు మార్చుకోవలసి వచ్చింది. మీకూ మౌంట్లు, ఎగ్జాస్ట్, వైరింగ్, చైను వరుస, సంప్ అడ్డుపలక, ప్లీనం, మ్యాపు అన్నీ మళ్లీ మొదటి నుంచే. కోయంబత్తూరు కరి స్పీడ్‌వే పోటీకి మూడు నెలల లోపే ఉంటే పాత ఇంజిన్‌నే ఉంచి, ఆర్‌పీఎం పరిమితిని వెయ్యి తగ్గించి, ఎండ్యూరెన్స్ (ఎక్కువ దూరం నడిపే) రేసు పూర్తిచేసే లెక్కతో వెళ్లండి. కొత్తవారితో మాటలు పోటీ నుంచి తిరిగొచ్చిన వారం మొదలుపెట్టండి.