చెరువు కట్ట, వంక గట్టు మీది కంప కొట్టడానికి ట్రాక్టర్‌కు ఏ కట్టర్ తగిలించాలి?

తిరుపతి, చిత్తూరు జిల్లాల చెరువులకు నీళ్లు చేరేది ఎక్కువగా అక్టోబరు, డిసెంబరు మధ్య వానలకే. అప్పటికి కట్ట కంటికి కనబడాలి. 2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్టకు లీకు పడి, దిగువ ఊళ్లను ఖాళీ చేయించిన సంగతి ఇక్కడెవరూ మరిచిపోలేదు. కంప కమ్ముకున్న కట్టలో చెమ్మ ఎక్కడ ఊరుతోందో, ఎలుక బొక్క ఎక్కడుందో ఎంత తిరిగినా కనబడదు. కట్టర్‌ను సరిగ్గా ఎంచుకోకపోతే మాత్రం కట్ట మట్టి లేచిపోతుంది, లేదా ట్రాక్టరే చెరువులో పడుతుంది.

షాపుకు పోగానే ట్రాక్టర్ ఎన్ని హెచ్‌పీ అని అడుగుతారు. అది రెండో ప్రశ్న. కోసేటప్పుడు చక్రాలు ఎక్కడ నిలబడతాయన్నది మొదట తేల్చుకోండి.

ముందు వాలు కొలవండి

ఒక మీటరు కర్ర తీసుకుని ఒక కొనను వాలుకు ఆనించి, రెండో కొనను పల్లం వైపు చాపి మట్టంగా పట్టుకోండి. సగం నీళ్లున్న బాటిల్‌ను దాని మీద పడుకోబెడితే మట్టం తెలిసిపోతుంది. పల్లం వైపు కొన నుంచి నేల దాకా 27 సెంటీమీటర్లు దాటితే వాలు 15 డిగ్రీలు దాటినట్టే. అలాంటి చోట అడ్డంగా ట్రాక్టర్ నడపకండి. రెండుకు ఒకటి వాలున్న (రెండడుగుల అడ్డానికి ఒక అడుగు దిగే) కట్ట మీద ఈ కొలత 50 సెంటీమీటర్లు వస్తుంది. అంటే చెరువు కట్ట వాలు మీద ట్రాక్టర్‌కు చోటే లేదు. ట్రాక్టర్ కట్ట పైన నడవాలి, లేదా కింద నేల మీద నడవాలి. వాలు మీదికి కట్టర్ ఒక్కటే పోవాలి.

45 హెచ్‌పీ ట్రాక్టర్ వెనక టైర్ల బయటి అంచుల మధ్య సుమారు ఐదున్నర అడుగులుంటుంది. రెండు పక్కలా 3 అడుగుల చొప్పున వదలాలంటే కట్ట పైన 12 అడుగుల వెడల్పు కావాలి. అంత లేని కట్టకు ట్రాక్టర్ ఆలోచన మానుకుని, భుజానికి తగిలించుకునే వీడ్ కట్టర్లతో నలుగురిని పెట్టడమే మేలు. వంక అంచున అయితే వంక ఎంత లోతుంటే అంత దూరం టైరును వెనక్కి ఉంచాలి. తడిసిన గట్టు పైకి గట్టిగా కనబడినా లోపల జారిపోతుంది.

ఏ కట్టర్ ఎక్కడ పనికొస్తుంది

మామిడి తోటల్లో వాడే రోటరీ స్లాషర్ ఎక్కువ మంది దగ్గర ఉంటుంది, అద్దెకూ సులువుగా దొరుకుతుంది. కుంట చుట్టూ మట్టంగా ఉన్న మేతబీడు, కట్ట కింది చదును నేల, కట్ట మీది బాట: ఇక్కడి దాకే దాని పని. ట్రాక్టర్ వెనక సరిగ్గా నడుమ ఉండడం వల్ల అది వాలును అందుకోలేదు. పైగా రాయి, సీసా పెంకు తగిలితే చాలా దూరం విసురుతుంది. ముందూ వెనకా గొలుసు తెరలు లేని స్లాషర్‌ను మనుషులు తిరిగే కట్ట మీదికి తేకండి.

ఫ్లెయిల్ మల్చర్‌లో చిన్న చిన్న బ్లేడ్లు తిరిగే పైపుకు వేలాడుతుంటాయి. రాయి తగిలితే వెనక్కి మడుచుకుంటాయి, విసరడం తక్కువ. మామూలు మల్చర్ కాకుండా, పక్కకు జరిగి, కిందికీ పైకీ వంగే రకం తీసుకోండి. చెరువుకు నీళ్లు తెచ్చే సప్లై ఛానెళ్లకు, వంక గట్లకు, లోతు తక్కువున్న కుంటల అంచులకు 40 నుంచి 50 హెచ్‌పీ బండి ఉన్నవాళ్లకు మా సిఫారసు ఇదే. వెడల్పు విషయంలో ఆశకు పోవద్దు. 40 హెచ్‌పీ ఇంజన్ నుంచి పీటీఓకు, అంటే కట్టర్‌ను తిప్పే వెనక షాఫ్ట్‌కు, చేరేది 34, 35 హెచ్‌పీ మాత్రమే. అడుగు వెడల్పుకు 6, 7 హెచ్‌పీ లెక్కన 5 అడుగులు దాటితే దట్టమైన రెల్లులో ఇంజన్ మూలుగుతుంది.

పొడవాటి చేయి ఉండే బూమ్ కట్టర్ పెద్ద కట్టలకు అసలైన పనిముట్టు. కానీ కరపత్రంలో రాసిన 16 అడుగుల రీచ్‌ను (చేయి అందే దూరాన్ని) నమ్మి లెక్క వేయకండి. ఆ కొలత ట్రాక్టర్ నడిమధ్య నుంచి తీసేది. అందులో టైరు దాకా 3 అడుగులు, టైరు నుంచి కట్ట అంచుకు వదిలే 3 అడుగులు తీసేస్తే వాలు మీద మిగిలేది 10 అడుగులే. 10 అడుగుల ఎత్తు కట్టకు రెండుకు ఒకటి వాలంటే వాలు పొడవు 22 అడుగులు. బయటి వాలు కింది సగాన్ని కయ్యల వైపు నుంచి కోసుకోవాలి. లోపలి వైపు నీళ్లు అడుగంటినప్పుడే కుదురుతుంది. దీనికి బరువైన ట్రాక్టర్, రెండో పక్కన ఎదురు బరువు, సొంత ఆయిల్ ట్యాంకు, పంపు కావాలి. ఏడాదికి వారం పనికి కొనకండి, ఆపరేటర్‌తో సహా అద్దెకు తీసుకోండి.

ఏం కోస్తున్నారో చూసి బ్లేడ్ ఎంచుకోండి

తుంగ, గరిక, వయ్యారిభామ, బొటనవేలు మందం పుల్లలకు వై ఆకారపు బ్లేడ్లు చాలు. సర్కారు తుమ్మకు బరువైన సుత్తి బ్లేడ్లు కావాలి. మణికట్టు మందం దాటిన తుమ్మ మొద్దును రంపంతో కోసి పక్కకు లాగాకే కట్టర్ దించండి. తుమ్మ కోస్తే చావదు, మోడు నుంచి పది పిలకలు లేస్తాయి. అలాగని కట్ట మీద జేసీబీతో పెకలించవద్దు. వేరు లేచిన గుంటను పొరలు పొరలుగా మట్టి వేసి దిమ్మిస కొట్టకపోతే నీళ్లకు అదే దారి అవుతుంది. ఏటా రెండుసార్లు పిలకలు కోయడం కట్టకు క్షేమం.

జమ్ము కోయడానికి సరైన అదను నీళ్లు ఎక్కడానికి ముందు. మొదలు దగ్గరగా కోసిన కాడల మీద నీళ్లు నిలిస్తే గాలి అందక దుంప కుళ్లుతుంది. కోశాక నీళ్లు రాకపోతే మళ్లీ చిగురిస్తుంది.

లొట్టపీసు విషయంలో జాగ్రత్త. దాని ముక్క తడి మట్టిలో పడితే కణుపు దగ్గర వేరు దిగుతుంది. మల్చర్ పెడితే ఒక పొదను వంద చేసినట్టే. దాన్ని కత్తితో కోసి గట్టుకు లాగి, ఎండబెట్టి తగలబెట్టాలి.

తగిలించేటప్పుడు, నడిపేటప్పుడు

పీటీఓ షాఫ్ట్ గొట్టాలు ఒకదానిలో ఒకటి కనీసం మూడోవంతు దిగి ఉండాలి. ప్లాస్టిక్ తొడుగు పగిలి ఉంటే పని మొదలు పెట్టకండి, పంచె కొస చుట్టుకున్నా మనిషిని లాగేస్తుంది. బరువు ఎక్కువైతే ముందుగా తెగి గేర్‌బాక్స్‌ను కాపాడే షియర్ బోల్టు తెగిందని ఇనుప కడ్డీ దోపితే తర్వాత తెగేది గేర్‌బాక్సే. సింగిల్ క్లచ్ ట్రాక్టర్‌లో క్లచ్ తొక్కినా, తిరిగే స్లాషర్ ఊపు షాఫ్ట్ గుండా వెనక్కి వచ్చి బండిని ముందుకు తోస్తుంది. నీళ్ల అంచున అది ప్రాణం మీదికి తెస్తుంది. ఆ ఊపు వెనక్కి రాకుండా ఆపే ఓవర్ రన్నింగ్ క్లచ్ తప్పక వేయించండి. కట్టర్ పైకెత్తినప్పుడు ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ తేలిపోతే ముందు బరువులు కలపాలి.

ముందురోజు కర్రతో తడుముతూ నడిచి వలముక్కలు, కంచె తీగలు, సీసాలు ఏరండి. రక్తపింజరి ఉంటుంది, బూట్లు లేకుండా దిగకండి. మొదటి విడత అడుగు ఎత్తులో కోసి, నేల కనబడ్డాక రెండో విడత 4 అంగుళాలకు దించండి. అంతకన్నా కిందికి పోతే గడ్డి వేరు తెగి, మొదటి వానకే కట్ట మట్టి చాలు కడుతుంది. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తగ్గకుండా లో గేర్‌లో గంటకు 2, 3 కిలోమీటర్ల వేగం చాలు. ఉన్నట్టుండి అదురు మొదలైతే బ్లేడ్ ఒకటి పోయిందని అర్థం. ఇంజన్ ఆపి, తాళం తీసి చూడండి. ఒక్కదాన్నే మారిస్తే పైపు బరువు ఒరిగి బేరింగ్ పోతుంది, ఎదురుగా ఉన్నదాన్ని కూడా మార్చాలి. మల్చర్ వెనక నేల మీద దొర్లే రోలర్‌కు ఉండే బేరింగ్ బురదలో అన్నిటికన్నా ముందు పోయేది. పొద్దునా సాయంత్రం గ్రీజు పట్టించి, చుట్టుకున్న వల దారాలను కత్తితో కోసేయండి.

కోసిన గడ్డిని నీళ్లలోకి తోయవద్దు. అది కుళ్లితే నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చస్తాయి, కొట్టుకుపోయి తూముకు, మిగులు నీళ్లు పొర్లే మొరవకు అడ్డం పడుతుంది. అదే రోజు దంతెలతో పైకి లాగించి, వరద మట్టం కన్నా ఎత్తులో కుప్ప వేయించండి. తూము చుట్టూ 10 అడుగుల మేర మాత్రం కట్టర్ వాడకుండా మనుషుల చేతనే కోయించండి.